ఏ కుర్చీ కరుస్తుంది?

ఆ రోజు ఉదయానికి ఇంట్లో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదిలోగా కొట్టు ఊడ్చి సర్దాలి. బాగుచేసిన కుర్చీని తలుపుకు ఎదురుగా, వెలుగు పడే చోట పెట్టాలి. పదింటికి హాలు మేనేజరమ్మ వస్తుంది, కుర్చీ చూస్తుంది, బాగుందంటుంది, టీ తాగి వెళుతుంది. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరిని అడిగినా ఏమీ లేదనే చెబుతారు. కాకపోతే ఆ ప్లానులో సగం అయిపోయిందయ్య చేతిలో ఉంది.

అది అతని అసలు పేరు కాదు, వీధివాళ్లు ముద్దుగా పెట్టుకున్నది. ఏ పని చెప్పినా ముప్పావు వంతు చేసి, చేతులు దులుపుకుని, "అయిపోయింది" అంటాడు. పాపం, అబద్ధమాడుతున్నాడని కాదు. ముప్పావు వంతు అయ్యేసరికి అతని కంటికి పని మొత్తం అయిపోయినట్టే కనిపిస్తుంది. మనసు అప్పటికే ఇంకో పని మీదికి వెళ్లిపోయి ఉంటుంది. వాళ్లింట్లో బీరువాకు బయటివైపు మాత్రమే రంగు ఉంది. గోడ గడియారం అతను బాగుచేశాక నిమిషాలు చక్కగా చూపిస్తోంది, గంటలు మాత్రం ఎవరికి వాళ్లు ఊహించుకోవాలి. వెనక గది తలుపుకు కొత్త గొళ్లెం బిగించి రెండు నెలలయింది. నాలుగు చిల్లులున్న గొళ్లేనికి ఒక స్క్రూ ఎక్కించేసరికి ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి "అయిపోయింది" అన్నాడు.

భార్య పూర్తిగా వేరే రకం మనిషి. ఇంటి ముందు గదిలో కొట్టు పెట్టుకుని, పాత కుర్చీలకూ సోఫాలకూ లోపలి స్పాంజి మార్చి కొత్త గుడ్డ తొడుగుతుంది. పైన ఎంత దగ్గరగా కుడుతుందో, కుర్చీని తలకిందులు చేస్తే తప్ప కనబడని చోట కూడా అంతే దగ్గరగా కుడుతుంది. పైగా ప్రతి పది కుట్లకూ ఆగి ఒక ముడి వేస్తుంది. "కింద ఎవరు చూస్తారే? ముడులేమిటి?" అని అతను ఎన్నోసార్లు నవ్వాడు. "ఎవరూ చూడరు. ఒక కుట్టు తెగితే పక్క కుట్టు ఊడకూడదు, అంతే" అని ఆమె ఎన్నోసార్లు జవాబు చెప్పింది. చెబుతూ కూడా కుడుతూనే ఉండేది.

ఆ కొట్టు ఉంటుందో ఊడుతుందో ఆ రోజు పదింటికి తేలుతుంది. రెండు వీధుల అవతల ఉన్న సభల హాలుకు నూట ఇరవై కుర్చీలున్నాయి. వాటన్నిటికీ కొత్త గుడ్డ వేయించాలని చూస్తున్నారు. నమూనాకని మేనేజరమ్మ ఒక కుర్చీ పంపింది. ఆ పని దొరికితే కొట్టుకు ఏడాదిపాటు బెంగ లేదు. దొరకకపోతే వచ్చే నెల ఒకటో తారీకున భార్య ఊరి చివరి ఫర్నిచర్ ఫ్యాక్టరీలో చేరాలి. పెళ్లికి ముందు ఆరేళ్లు అక్కడే పని చేసింది. ఒకటే మిషను, ఒకటే రంగు గుడ్డ, గంట కొడితే లేవాలి, గంట కొడితే కూర్చోవాలి. ఆ ఫ్యాక్టరీ అప్లికేషను నింపి, కత్తెర కింద పెట్టి ఉంచింది. దాని గురించి ఆమె ఒక్క మాట అనలేదు. కత్తెర తీసినప్పుడల్లా అది కంటపడి అయిపోయిందయ్యకు తల కొట్టేసినట్టుండేది. అతను పనిచేసే కంపెనీ మూతపడి అయిదు నెలలయింది మరి.

ఆ సిగ్గులోంచే వెబ్‌సైట్ పుట్టింది. నిద్రపోతున్నా డబ్బు తెచ్చిపెట్టే వెబ్‌సైట్‌ను వారంలో కట్టడం ఎలాగో చెప్పే వీడియోలు పదకొండు చూశాడు. ఒక్కోటీ ముప్పావు వంతు చూశాడు. ఎవరో ముందే తయారుచేసి ఉచితంగా పెట్టిన టెంప్లేట్ ఒకటి దొరికింది. అంటే ఎవరో కట్టి వదిలేసిన ఇల్లు లాంటిది. గుమ్మం మీద పేరు మార్చుకుని దిగిపోవడమే. అంతకుముందు ఆ ఇంట్లో ఎవరున్నారన్నది అతను పెద్దగా పట్టించుకోలేదు. రంగు నచ్చింది, దిగిపోయాడు. పేరు మార్చాడు, బొమ్మలు మార్చాడు, మ్యాపులో ఇంటి గుర్తు సరిగ్గా గుమ్మం మీదే పెట్టాడు. నాలుగో రోజుకల్లా "అయిపోయింది" అన్నాడు. ఏడో రోజుకు అయిదు బుకింగులు వచ్చాయి.

"ఏమండీ, ఆ అయిదు కుర్చీలూ ఎప్పుడొస్తాయన్నారు?" అంది భార్య నమూనా కుర్చీ కాళ్లు తుడుస్తూ.

"ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యలో. అంతా సైటే చూసుకుంటుంది. ఎన్నింటికి రావాలో దానంతట అదే వాళ్లకు మెసేజ్ పంపేస్తుంది."

"మేనేజరమ్మ వచ్చేసరికి కొట్టు నిండుగా కనిపిస్తుందన్నమాట. ఎలాంటి కుర్చీలో రాశారా?"

అతను ఫోన్ తీసి చూశాడు. "రాశారు. ఒకటి గోధుమ రంగుది. మూడేళ్లది. ముప్ఫై కిలోలు."

"ముప్ఫై కిలోలా? అయితే సోఫా అయ్యుంటుంది. ఇంకోటి?"

"తెల్లది. మూడు నెలలది."

"మూడు నెలలకే బాగుచేతకు వచ్చిందా? ఎంత నాసిరకం కొన్నారో పాపం."

"తర్వాత నల్లవి రెండు. జత అనుకుంటా, రెండిటికీ ఒకటే వయసు. ఆఖరిది బూడిద రంగుది, పదకొండేళ్లది. దీనికి పేరు కూడా పెట్టుకున్నారు చూడు. మబ్బు అట."

"కుర్చీకి పేరేమిటండీ?"

"పదకొండేళ్లు కూర్చున్నారు కదా. ప్రేమ ఉంటుంది."

మూలన కూర్చుని పాత సోఫా లోంచి పిన్నులు పీకుతున్న అత్తగారు తల ఎత్తింది. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఎదురుగా ఉన్నా సరే కూతురికి చెప్పినట్టే చెబుతుంది.

"అదేదో చివరిదాకా చదవమనవే మీ ఆయన్ని."

"చదివేశానత్తయ్యా. అయిపోయింది" అని అతను ఫోన్ జేబులో పెట్టేశాడు.

ఎనిమిదీ పదికి మొదటి ఆయన వచ్చాడు. పొడుగాటి మనిషి. ఆఫీసు బట్టల్లో ఉన్నాడు, చెవి దగ్గర ఫోనుంది. చేతిలో తాడు, తాడు చివర ఒక పెద్ద గోధుమ రంగు కుక్క. ఆయన వెనక, వీధిలో, కారు దారికడ్డంగా ఆగి ఉంది.

"బుకింగ్ చేశాను" అన్నాడు.

"రండి, రండి. గోధుమ రంగుది, మూడేళ్లది, మీదే కదండీ?"

"మాదే. వెనక కాలు కాస్త జాగ్రత్త. ఈమధ్యే దెబ్బ తగిలింది."

"కాళ్ల సంగతి మాకు వదిలేయండి. బాగాలేకపోతే నాలుగూ కోసేసి కొత్తవి వేసేస్తాం."

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి చూశాడు. కానీ ఈలోగా ఫోన్లో ఎవరో అరిచారు, వీధిలో ఇంకెవరో హారన్ కొట్టారు. "కాస్త పట్టుకోండి" అని తాడు అయిపోయిందయ్య చేతిలో పెట్టి, పరుగులాంటి నడకతో కారు దగ్గరికి వెళ్లాడు.

సోఫా దింపడానికి వెళ్లాడనుకుని అయిపోయిందయ్య తాడు పట్టుకుని నిలబడ్డాడు. కారు వెళ్లిపోయింది. వీధి చివర చోటు చూసి ఆపి, అక్కణ్నుంచి మోసుకొస్తాడు కాబోలు అనుకున్నాడు. ముప్ఫై కిలోల సోఫాను ఒక్కడే ఎలా మోస్తాడని జాలి కూడా పడ్డాడు.

ఈలోగా పక్క గుమ్మం లోంచి అత్తగారు పిలిచింది. "ఎవరో అమ్మాయి బుట్ట ఇచ్చి వెళ్లిందే. పళ్లు వస్తున్నాయట, దొరికిందల్లా కొరుకుతుందట, చూసుకోమంది. అడిగేలోపు బస్సెక్కేసింది. బుట్ట కదులుతోంది."

బుట్టలో తెల్లటి కుక్కపిల్ల ఉంది. అది అత్తగారి కొంగు అప్పటికే నోట్లో పెట్టుకుంది. ఆ వెనకే మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న డాక్టరు ఒకాయన, ఒకేలాంటి నల్ల కుక్కలు రెండింటితో వచ్చాడు. "రెండూ కలిసే ఉండాలి, విడదీస్తే ఏడుస్తాయి" అన్నాడు. "జతను విడదీస్తామా అండీ" అన్నాడు అయిపోయిందయ్య. ఆయన సంతోషంగా రెండు తాళ్లూ ఇచ్చేసి, ఆస్పత్రికి ఆలస్యమవుతోందని వెళ్లిపోయాడు. ఆఖరున టాక్సీలో పెద్ద వయసు దంపతులు వచ్చారు. డిక్కీ నిండా పెట్టెలున్నాయి. బూడిద రంగులో, ఒళ్లంతా జుట్టుతో ఉన్న ముసలి కుక్కను దింపి, దాని తల నిమిరి, పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. టాక్సీ కదిలాక కూడా చెయ్యి ఊపుతూనే ఉంది.

అప్పుడు అయిపోయిందయ్యకు మొట్టమొదటిసారి చిన్న అనుమానం వచ్చింది. అందరూ కుక్కలను వదిలి కుర్చీలు తేవడానికి వెళ్లడం, అందులో ఒక్కరూ తిరిగి రాకపోవడం కాస్త వింతగానే ఉంది.

తల దువ్వుకుని, మెడలో టేపు వేసుకుని భార్య లోపలి నుంచి వచ్చింది. కొట్టులో అయిదు కుక్కలు. వాటి మధ్య నాలుగు తాళ్లూ ఒక బుట్టా పట్టుకుని మొగుడు.

"కుర్చీలేవండీ?"

"తెస్తున్నారు."

"అందరూనా?"

"అందరూ" అన్నాడు వీధి వైపు చూస్తూ.

ఆమె ఏమీ అనకుండా అతని జేబులోంచి ఫోన్ తీసి, మిషను ముందు స్టూలు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఆమె ఏది చదివినా అలాగే చదువుతుంది, మొదటి గడి నుంచి ఆఖరి గడి దాకా, వేలు పెట్టి. పేరు. రంగు. వయసు. బరువు. అతను అక్కడిదాకానే చదివాడు. ఆమె వేలు ఇంకా ముందుకు జరిగింది. టీకాలు వేయించారా. కరుస్తుందా. అలవాట్లు. ఎన్ని రోజులు.

చాలాసేపటికి తల ఎత్తింది.

"ఏమండీ, ఏ కుర్చీ కరుస్తుందండీ?"

ఆమె ఇంకోచోట నొక్కి చూసింది. వెబ్‌సైట్ లోపలికి వెళితే అంతా కుర్చీలే. కానీ బయట, జనం వెతికినప్పుడు పేరు కింద కనిపించే చిన్న వాక్యాన్ని అతను మార్చలేదు. అలాంటి వాక్యం ఒకటి ఉంటుందనే అతనికి తెలియదు. 'ఇల్లు వదిలి వెళ్తున్నారా? మీ కుక్కను మాకు అప్పగించండి. మొదటి రోజు ఉచితం' అని నాలుగు రోజులుగా ఊరందరికీ చెబుతోంది అది. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నదెవరో ఇప్పుడు తెలిసింది.

"అయితే ఆ కాళ్లు కోసేస్తామన్నది..." అని అతను గోధుమ రంగు కుక్క వైపు చూశాడు. అది తోక ఊపింది.

టైము తొమ్మిదీ పాతిక. పొడుగాటాయనకు ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానని మెసేజ్ వచ్చింది. డాక్టరుగారి ఫోన్ నర్సు ఎత్తి, ఆపరేషన్ నడుస్తోందంది. కుక్కపిల్ల అమ్మాయి ఎత్తలేదు. దంపతుల ఫోన్ స్విచ్ ఆఫ్.

"సాయంత్రం ఆరింటిదాకా మన దగ్గరే ఉంటాయని మీ సైటే చెప్పింది వాళ్లకి" అంది భార్య. గొంతు మామూలుగానే ఉంది కానీ, చేతిలో టేపును వేలికి చుట్టి విప్పుతోంది. బాగా భయం వేస్తే తప్ప ఆమె అలా చేయదు. "ఇప్పుడు మేనేజరమ్మ వస్తే ఇది కుర్చీల కొట్టంటే నమ్ముతుందా?"

"వెనక గదిలో పెట్టేద్దాం. ఒక్క గంటేగా. చప్పుడు కాకుండా అత్తయ్య బ్రెడ్డు పెడతారు."

"మీ ఆయన నన్ను కూడా లోపలే పెట్టి గొళ్లెం వేస్తాడేమో కనుక్కో" అంది అత్తగారు. అలా అంటూనే కుక్కపిల్లను ఎత్తుకుంది.

"మబ్బుకు తలుపులు తీసే అలవాటుందని రాశారండీ. ఆ గొళ్లెం గట్టిగా ఉందా?"

"ఎప్పుడో బిగించాను కదా. అది అయిపోయింది."

కుక్కలనూ, వాటితోపాటు అత్తగారినీ లోపల పెట్టి తలుపు వేసి వచ్చాక అయిపోయిందయ్య కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇంకో ఆరు కుక్కలు బయల్దేరకముందే అసలు మూలాన్నే తీసేయాలని నిశ్చయించుకున్నాడు. ఏ వాక్యం ఎక్కడుందో వెతుకుతూ కూర్చునే ఓపిక లేదు. మొత్తం సైటునే తుడిచేయడానికి ఒక బటన్ ఉంది. నిజంగానే తీసేయమంటారా అని అది అడిగింది. అవునన్నాడు. మళ్లీ ఆలోచించుకోండి, వెనక్కి రాదు అంది. ఆలోచించుకున్నాను అన్నాడు. జీవితంలో అతను ముప్పావు వంతు దగ్గర ఆగకుండా చివరిదాకా చేసిన పని అదే.

"అయిపోయింది" అన్నాడు.

సరిగ్గా పదింటికి మేనేజరమ్మ వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంటుంది. చేతిలో చిన్న నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. కూర్చోమంటే కూర్చోలేదు. టీ వద్దంది. కొట్టు నాలుగు మూలలూ చూసి, గడియారం వైపు కాస్త ఎక్కువసేపే చూసి, పుస్తకంలో ఏదో రాసుకుంది.

"మీ వెబ్‌సైట్ రాత్రి చూశాను" అంది.

అయిపోయిందయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"డబ్బు కట్టే బటన్ నొక్కితే 'ఇది నమూనా మాత్రమే' అని వస్తోంది. డబ్బు సంపాదించుకోడానికి పెట్టిన సైటులో డబ్బు తీసుకునే బటన్ ఒక్కటే పని చేయడం లేదు. ఫోన్ నంబరు చూస్తే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగా తొమ్మిది దాకా, ఆ తర్వాత సున్నా. మొదటి పేజీలో కుర్చీ బొమ్మ వెనక తోక కనిపిస్తోంది. కస్టమర్ల అభిప్రాయాలట, 'ఇక్కడికి బయల్దేరదీస్తే చాలు, మావాడు గంతులేస్తాడు' అని ఎవరో రాశారు. కుర్చీ ఎందుకు గంతులేస్తుందో నాకర్థం కాలేదు." పేజీ తిప్పింది. "మొత్తం పదకొండు తప్పులు. ఇందాక గుమ్మం ముందు నిలబడి ఇంకోసారి చూద్దామని తెరిస్తే అసలు సైటే లేదు."

"తీసేశానండీ" అన్నాడతను సన్నగా.

"అదొక్కటే మీరు సరిగ్గా చేసింది." ఆవిడ భార్య వైపు తిరిగింది. "చూడమ్మా, ఉన్నమాట చెబుతాను. ఈ పని వేరేవాళ్లకు ఇస్తున్నానని చెప్పడానికే వచ్చాను. పైకి కనిపించే పేజీనే చదువుకోని వాళ్లు, పైకి కనిపించని కుట్లు చూసుకుంటారని నేనెలా నమ్మను?"

భార్య కత్తెర వైపు చూసింది. అయిపోయిందయ్య ఆ చూపు చూశాడు. తప్పంతా తనదేనని, భార్య కుట్టిన కుట్టుకూ తన వెబ్‌సైటుకూ సంబంధం లేదని గట్టిగా చెప్పాలనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా.

అప్పుడే వెనక గది తలుపు దగ్గర టక్కుమని చిన్న చప్పుడైంది. రెండు నెలలుగా ఒంటరిగా గొళ్లేన్ని మోస్తున్న స్క్రూ కింద పడ్డ చప్పుడది. తలుపు మెల్లగా తెరుచుకుంది. మబ్బు ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ వచ్చి, మేనేజరమ్మ చెప్పులు వాసన చూసి, పక్కన కూర్చుంది. దాని వెనకే మిగతా నాలుగూ వచ్చాయి. అవి నడవలేదు.

తెల్ల కుక్కపిల్ల నేరుగా నమూనా కుర్చీ మీదికి లంఘించి, సీటు మూల నోట కరుచుకుంది. అది ఆటనుకుని గోధుమ రంగు కుక్క రెండో మూల పట్టింది. నల్లవి రెండూ కుర్చీ చుట్టూ తిరిగి, తమ తాళ్లతో దాని నాలుగు కాళ్లనూ కలిపి కట్టేశాయి. "వదులు, వదులు" అంటూ అయిపోయిందయ్య దూకాడు, తాడు కాలికి తగిలి బోర్లా పడ్డాడు. కుక్కపిల్ల గుర్రుమంటూ వెనక్కి లాగుతోంది. పెద్దది ముప్ఫై కిలోల బరువుతో ముందుకు లాగుతోంది. అత్తగారు బ్రెడ్డు ముక్క పట్టుకుని వెంటపడింది. అంత గందరగోళంలోనూ ఆవిడ "మీ ఆయన్ని లేవమనవే" అని కూతురికే చెప్పింది.

భార్య మాత్రం కదల్లేదు. మూడు రోజులు కూర్చుని కుట్టిన కుర్చీని అలా చూస్తుంటే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేనేజరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. చేతి గడియారం చూసుకుంది. తర్వాత చెప్పింది, మూడు నిమిషాల ఇరవై సెకన్లట. చివరికి అత్తగారి బ్రెడ్డే గెలిచింది. కుక్కలు కుర్చీ వదిలాయి.

కుర్చీ పక్కకు ఒరిగి ఉంది, సీటంతా చొంగ. మేనేజరమ్మ వంగి, దాన్ని ఎత్తి, తలకిందులు చేసింది. జేబులోంచి చేతిరుమాలు తీసి సీటు మూలలు తుడిచింది. కళ్లజోడు పెట్టుకుని కుట్టు వెంట గోరు జరుపుతూ చూసింది. ఒక మూల గోరు ఆగింది.

"ఇక్కడొక కుట్టు తెగింది" అంది.

భార్య తల వంచుకుంది.

"ఒక్కటే తెగింది. పక్కది కదలనైనా లేదు." గోరుతో గట్టిగా లాగింది. రాలేదు. "ఇదేమిటి, ముడా?"

"పది కుట్లకొకటి వేస్తానండీ. తెగినా ఊడిపోకుండా."

"కనబడని చోట కూడానా?"

"కుర్చీకి తెలుస్తుంది కదండీ" అంది భార్య.

మేనేజరమ్మ చాలాసేపు ఆ ముడులనే లెక్కపెట్టింది. కళ్లజోడు తీసి, మొదటిసారిగా స్టూలు మీద కూర్చుంది. "మా హాల్లో పిల్లలు బూట్లతో కుర్చీలెక్కి గెంతుతారు. పెద్దవాళ్లు ఉపన్యాసం నచ్చకపోతే సీటు అంచులు పీకుతారు. మిగతా కొట్లవాళ్లు గుడ్డ ముక్కలు తెచ్చి చూపించి, చాలా గట్టిదండీ అని చెప్పారు. పళ్లు పెట్టి చూపించింది మీరొక్కరే." పుస్తకంలో ఏదో రాసింది. "నూట ఇరవై. నెలకు పది చొప్పున పంపిస్తాను. ఇంతకీ ఆ వెబ్‌సైట్ చేసిందెవరు?"

అత్తగారు ఆ ఒక్కసారికి అల్లుడివైపు నేరుగా చూసింది.

"నేనేనండీ" అన్నాడతను నేల మీద నుంచే. కాలికి తాడు ఇంకా అలాగే ఉంది.

"నేనూ అదే అనుకున్నాను. కుట్టిన చెయ్యి, ఆ చెయ్యి ఒకటి కాదు." ఆవిడ పుస్తకం లోంచి ఒక కాగితం చింపి అతనికిచ్చింది. "మళ్లీ పెడతారుగా. ఇవన్నీ చూసుకుని పెట్టండి. ఆ టీ ఇప్పుడివ్వండమ్మా."

ఆవిడ వెళ్లాక భార్య కత్తెర ఎత్తి, కింద ఉన్న అప్లికేషనును అదే కత్తెరతో నాలుగు సమాన ముక్కలుగా కత్తిరించింది. అంచులు తిన్నగా వచ్చాయో లేదో కూడా చూసుకుంది. అయిపోయిందయ్యకు ఆనందంతో ఏడుపొచ్చినంత పనైంది.

"సరే, ఆ కుక్కలవాళ్ల పేర్లూ వివరాలూ చెప్పండి. సాయంత్రానికి ఏ కుక్క ఎవరిదో కాగితం మీద రాసి పెట్టుకుందాం. సైటులోనే కదా ఉన్నాయి?"

అతను బిక్కమొహం వేశాడు. తుడిచేసిన దాంట్లో అవి కూడా ఉన్నాయి.

సాయంత్రం ఆరింటికి వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఏ కుక్క ఎవరిదో కాగితం మీద చూసుకోవాల్సిన పని లేకపోయింది, కుక్కలే తేల్చేశాయి. పొడుగాటాయన ముందుగా తన కుక్క కాళ్లు నాలుగూ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత నమూనా కుర్చీ చూశాడు, దాని కథ విన్నాడు. "మా సోఫాకు అసలు గుడ్డే మిగల్లేదండీ, దీనికి వేసినట్టే వేస్తారా?" అన్నాడు. కుక్కపిల్ల అమ్మాయికి రెండు కుర్చీలున్నాయట, రెండిటికీ మూలల్లేవట. డాక్టరుగారు జత సోఫాలు తెస్తానన్నాడు. కుక్కలున్న ఇంట్లో చిరగని కుర్చీ ఉండదన్న సంగతి అయిపోయిందయ్యకు అప్పుడు తెలిసింది. వివరాలన్నీ భార్యే రాసుకుంది.

మబ్బు కోసం మాత్రం ఎవరూ రాలేదు. ఏడయింది. ఏడున్నరయింది. అతను వీధి చివరిదాకా నాలుగుసార్లు వెళ్లి వచ్చాడు.

"వదిలేసి పోయారంటావా?" అన్నాడు దిగులుగా.

"పన్నెండు రోజులని రాశారు. ఆఖరి గడిలో" అంది భార్య సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆ మర్నాటి నుంచి అతను మేనేజరమ్మ ఇచ్చిన కాగితాన్ని గోడకు అతికించుకుని, అదే టెంప్లేట్‌తో సైటును మళ్లీ మొదటి నుంచి కడుతూ, ఒక్కో తప్పూ సరిచేస్తూ కూర్చున్నాడు. భార్య రోజూ "అయిపోయిందా?" అని అడిగేది. "ఇంకా కాలేదు" అనేవాడు. ఆ మాట అతని నోట విని వీధివాళ్లు అతనికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. డబ్బు కట్టే బటన్ నొక్కి, తన డబ్బు తానే కట్టుకుని చూశాడు. తోక తీసేశాడు. వెతికితే బయట కనిపించే వాక్యం మార్చి, పక్కింటివాళ్ల ఫోన్లో కూడా వెతికి చూసుకున్నాడు. రాలిన స్క్రూను మళ్లీ అదే చిల్లులో ఎక్కించాడు కానీ, మబ్బు మధ్యమధ్య వెనక గది తలుపు తీసుకుని వచ్చి అతని కాళ్ల దగ్గర పడుకునేది. "ఎంత గొళ్లెం పెట్టినా తీసేస్తోంది, ఎంత తెలివైన కుక్కో" అని అతను రోజుకు మూడుసార్లు మెచ్చుకునేవాడు.

అయిదో రోజు సాయంత్రం అతను కుర్చీలోంచి లేచి, ఒళ్లు విరుచుకుని, పదకొండో తప్పు మీద అడ్డంగా గీత గీశాడు.

"ఇప్పుడు నిజంగా అయిపోయింది" అన్నాడు. "ఒక్కోటీ మూడుసార్లు చూశాను. కావాలంటే నువ్వూ చదువు."

భార్య వచ్చి కాగితాన్ని గోడ మీద నుంచి తీసింది. మొదటి దాని నుంచి పదకొండో దాని దాకా వేలు పెట్టి చదివింది. అన్నిటికీ గీతలున్నాయి. సంతోషంగా తల ఊపింది. తర్వాత అలవాటుకొద్దీ కాగితం వెనక్కి తిప్పింది.

వెనక ఇంకొకటి ఉంది. చిన్న అక్షరాల్లో, పెన్సిలుతో, తీరుబడిగా రాసి ఉంది. '12. వెనక గది గొళ్లేనికి నాలుగు చిల్లులు. స్క్రూ ఒకటే.'

ఇద్దరూ వెనక గది వైపు చూశారు. తలుపు మెల్లగా తెరుచుకుంది. మబ్బుకు ఆ సంగతి మొదటి రోజే తెలుసు.